లింకు అడుగుడు బంద్ చేద్దాం, వెతుకుడు నేర్చుకుందాం



పోస్టు కొంచెం పొడుగైంది. హాస్టల్‌లో సిగ్నల్ సరిగ్గా లేనోళ్లు సేవ్ చేసుకొని తీరిక ఉన్నప్పుడైనా చదవండి.

మన గ్రూపులో రోజూ ఎక్కువసార్లు కనపడే మాట ఏందో గమనించారా? "అన్నా, లింక్ పెట్టండి." స్కాలర్‌షిప్ లింక్, హాల్ టికెట్ లింక్, నోటిఫికేషన్ లింక్, జీవో పీడీఎఫ్ లింక్. ఎవరో ఒక అన్న ఓపిక చేసుకొని పెడ్తడు. అందరం నొక్కుతం. పది రోజులకు అదే ప్రశ్న మళ్లా వస్తది, అదే అన్న మళ్లా పెట్టాలె. ఆ అన్నకు ఉద్యోగం వచ్చి బిజీ అయితే ఇంకో అన్నను వెతుక్కుంటం.

నా అభిప్రాయం సూటిగా చెప్తున్న. లింకు అడిగే అలవాటు మనల్ని ఎప్పటికీ ఇంకొకరి మీద ఆధారపడేటట్టే ఉంచుతది. మనం నేర్చుకోవాల్సింది వెతుకుడు. దానికి కావాల్సిన పనిముట్టు మన బ్రౌజర్‌లోనే ఉంది. ఏండ్ల నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు. దాన్ని ప్రతి గిరిజన హాస్టల్ కంప్యూటర్‌లో పెట్టాలె, ప్రతి సీనియర్ తన జూనియర్లకు చేసి చూపించాలె.

ఆ పనిముట్టు పేరు సెర్చ్ షార్ట్‌కట్. సంగతి చాలా చిన్నది. మనం తరచుగా వెతికే సైట్లు ఐదారు ఉంటయి. ఒక్కోదానికి రెండక్షరాల పొట్టి పేరు పెట్టుకుంటం. తర్వాత బ్రౌజర్ పైన ఉండే అడ్రస్ బార్‌లో ఆ రెండక్షరాలు కొట్టి, స్పేస్ ఇచ్చి, కావాల్సిన మాట టైప్ చేసి ఎంటర్ నొక్కితే సీదా ఆ సైటు లోపలి సెర్చ్‌కే పోతది. తెలుగు వికీపీడియాకు 'టీడబ్ల్యూ' అని పెట్టుకున్నరనుకోండి. టీడబ్ల్యూ, స్పేస్, కొమురం భీమ్, ఎంటర్. అంతే. ఆ పేరుతో పేజీ ఉంటే పేజీ తెరుచుకుంటది, లేకుంటే ఆ మాట ఉన్న పేజీల లిస్టు వస్తది.

మామూలుగా మనం ఏం చేస్తం? గూగుల్‌లో సైటు పేరు కొడ్తం. రిజల్ట్స్ పేజీ లోడ్ కావాలె. దాంట్ల సైటు నొక్కాలె. సైటు మొదటి పేజీ బొమ్మలన్నిటితోని లోడ్ కావాలె. అప్పుడు సెర్చ్ డబ్బా ఎక్కడుందో చూసుకొని మళ్లా టైప్ చేయాలె. సిటీలో ఉన్నోళ్లకు ఇది పది సెకన్ల పని. ఊర్లో చెట్టు కిందికో గుట్ట మీదికో పోతే గానీ సిగ్నల్ రానోళ్లకు రెండు పేజీలు తగ్గుడంటే ఆ రోజు పని అవుడా కాకపోవుడా అన్నట్టు ఉంటది.

కానీ నేను ఈ పోస్టు రాస్తున్నది టైమ్ కోసం, డేటా కోసం మాత్రమే కాదు. అసలు విషయం వేరే ఉంది.

మొదటిది, గూగుల్‌లో పైన కనపడేదంతా అసలుది కాదు. 'స్పాన్సర్డ్' అని చిన్న అక్షరాలతో ఉండేవి పైసలు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. స్కాలర్‌షిప్, ఉద్యోగం, సర్టిఫికెట్ లాంటి మాటలు వెతికినప్పుడు గవర్నమెంట్ సైటు లెక్కనే కనపడే ప్రైవేటు సైట్లు కూడా వస్తయి. ఫోన్ నంబర్ అడుగుతయి, ఆధార్ అడుగుతయి, కొన్ని 'ప్రాసెసింగ్ ఫీజు' కూడా అడుగుతయి. మన ఇంట్ల ఆ అడ్రస్ చూసి "బిడ్డా, ఇది దొంగ సైటు" అని చెప్పేటోళ్లు ఎవరున్నరు? మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అమ్మానాయినలకు నేను చెప్పిందే వేదం. నేను ఏ సైటు నొక్కితే వాళ్ల ఆధార్ నంబర్ ఆ సైటుకు పోతది. ఇది మనలో చాలామంది పరిస్థితి.

అందుకే ఒక గుర్తు అందరం పట్టుకోవాలె. అడ్రస్‌లో మొదట్ల 'హెచ్‌టీటీపీఎస్' పక్కన రెండు గీతలు కనపడితే వాటిని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి గీతకు, అంటే స్లాష్‌కు, సరిగ్గా ముందున్న ముక్క చూడండి. అది 'జీఓవీ డాట్ ఐఎన్' తోని అయిపోతే గవర్నమెంట్ సైటు. ఆ పేరు ప్రభుత్వ సంస్థలకు తప్ప వేరేవాళ్లకు ఇయ్యరు. మన తెలంగాణ ఈపాస్ సైటు కూడా అట్లనే అయిపోతది. 'గవ్' అనే మాట అడ్రస్ మొదట్లనో నడుమనో ఉండి, చివర్ల 'డాట్ కామ్' ఉంటే నమ్మొద్దు. కొన్ని సర్కారు సైట్లు 'ఎన్ఐసీ డాట్ ఐఎన్' తోని, యూనివర్సిటీలు 'ఏసీ డాట్ ఐఎన్' తోని అయిపోతయి, అవి కూడా సరైనవే. ప్రతిసారి ఈ తనిఖీ చేసుడు కష్టం అనుకుంటే, గవర్నమెంట్ సైట్లలో మాత్రమే వెతికే షార్ట్‌కట్ ఒకటి పెట్టుకోవచ్చు. ఎట్లనో కింద చెప్తా.

రెండోది ఇంకా పెద్దది. మన హక్కుల గురించి మనం ఫార్వర్డ్ మెసేజ్‌ల నుంచే తెలుసుకుంటున్నం. జీవో 3 సంగతే తీసుకోండి. ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు మీద మన గ్రూపుల్లో ఎన్ని మెసేజ్‌లు తిరిగినయో మీకు తెలుసు. "ఉన్న టీచర్లను కూడా తీసేస్తరంట" అని ఒకరు, "ఏం కాలేదు, మళ్లా వస్తది" అని ఇంకొకరు. తీర్పులో ఏముంది? అప్పటిదాకా జరిగిన నియామకాలను కోర్టు కాపాడింది. కానీ ఇకముందు పరిమితి దాటి మళ్లా అట్లాంటి రిజర్వేషన్ ఇయ్యొద్దని రెండు రాష్ట్రాలకు షరతు పెట్టింది. ఈ రెండు ముక్కలు తెలిస్తే భయపడేటోళ్లకు ధైర్యం వస్తది, ఏమరుపాటుగా ఉన్నోళ్లకు మెలకువ వస్తది. ఆ తీర్పు ఇండియన్ కానూన్ సైటులో ఎవరైనా ఫ్రీగా చదవొచ్చు. మన గ్రూపులో ఎంతమంది తెరిచి చూసినం? చేతులు ఎత్తమంటే లెక్కపెట్టొచ్చు.

1/70 చట్టం కూడా అంతే. ఉపన్యాసాల్లో ఆ పేరు వినని రోజు లేదు. అది 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు రెగ్యులేషన్‌కు 1970లో వచ్చిన సవరణ అని, దాంట్ల ఏ సెక్షన్ ఏం చెప్తదో చూసినోళ్లు తక్కువ. సమత తీర్పు 1997ది. షెడ్యూల్డ్ ఏరియాలో భూమిని ప్రైవేటు మైనింగ్ కంపెనీలకు లీజుకు ఇయ్యొద్దని చెప్పిన తీర్పు. రేపు మన ఊర్లో గ్రామసభ పెడితే ఆఫీసర్ ముందు లేచి మాట్లాడాల్సింది చదువుకున్న మనమే. "గ్రూపులో చూసిన సార్" అంటే ఎవరూ ఆగరు. "తీర్పులో ఈ పేరాలో ఉంది సార్" అంటే ఆగి వింటరు.

ఇగ పని ఎట్ల చేయాలో చూద్దాం. ముందుగా కంప్యూటర్‌లో, క్రోమ్ బ్రౌజర్‌లో.

ఒకటి. మీకు కావాల్సిన సైటు తెరిచి, దాని సెర్చ్ డబ్బాలో అర్థం లేని పదం ఒకటి ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. జడ్ అక్షరం నాలుగుసార్లు కొడితే చాలు. అర్థం లేని పదమే ఎందుకంటే, నిజమైన పదం కొడితే కొన్ని సైట్లు సీదా ఆ పేజీకే తీస్కపోతయి, సెర్చ్ అడ్రస్ మనకు దొరకదు. ఇంగ్లిష్ అక్షరాలే ఎందుకంటే, తెలుగు కొడితే అడ్రస్ కాపీ చేసినప్పుడు ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి గుర్తుల పొడుగు అయి, పర్సెంట్లు, అంకెలతోని నిండిపోతది. దాంట్ల మన పదం ఎక్కడుందో దొరకదు.

రెండు. రిజల్ట్స్ పేజీ వచ్చినాక పైన అడ్రస్ చూడండి. దాంట్ల మీరు కొట్టిన నాలుగు జడ్‌లు కనపడ్తయి. మొత్తం అడ్రస్ కాపీ చేయండి.

మూడు. క్రోమ్ సెట్టింగ్స్‌లో 'సెర్చ్ ఇంజిన్' అనే చోటికి పోయి, 'మేనేజ్ సెర్చ్ ఇంజిన్స్ అండ్ సైట్ సెర్చ్' నొక్కండి. కిందికి వస్తే 'సైట్ సెర్చ్' అని, దాని పక్కన 'యాడ్' అని ఉంటది.

నాలుగు. యాడ్ నొక్కితే మూడు డబ్బాలు వస్తయి. మొదటి దాంట్ల సైటు పేరు. రెండో దాంట్ల మీ పొట్టి పేరు. మూడో దాంట్ల కాపీ చేసిన అడ్రస్ పేస్ట్ చేసి, నాలుగు జడ్‌లు తీసేసి, అదే జాగాలో పర్సెంట్ గుర్తు, దాని పక్కనే చిన్న ఎస్ అక్షరం పెట్టండి. రెండింటి నడుమ స్పేస్ ఉండొద్దు. ఆ రెండు గుర్తులకు అర్థం ఏందంటే, "నేను టైప్ చేసేది ఇక్కడ పెట్టు" అని బ్రౌజర్‌కు చెప్పుడు. సేవ్ చేయండి. అయిపోయింది.

పొట్టి పేరు కొట్టినాక స్పేస్‌తోని పని కాకపోతే ట్యాబ్ కీ నొక్కండి. క్రోమ్‌లో రెండింటికీ సెట్టింగ్ ఉంది. ఎడ్జ్ బ్రౌజర్ ఉన్నోళ్లు సెట్టింగ్స్‌లో 'అడ్రస్ బార్ అండ్ సెర్చ్' అనే చోట చూడండి, పద్ధతి ఇదే.

"మాకు కంప్యూటర్ ఎక్కడిది, ఫోనే ఉంది" అనేటోళ్లే మన దగ్గర ఎక్కువ. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ అయితే మన సొంత సైటు అడ్రస్ ఇట్లా చేర్చుకోనియ్యదు. ఫైర్‌ఫాక్స్ చేర్చుకోనిస్తది. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో సెర్చ్‌కు పోయి, 'యాడ్ సెర్చ్ ఇంజిన్' నొక్కి, పేరు, పర్సెంట్ ఎస్ పెట్టిన అడ్రస్ ఇస్తే చాలు. తర్వాత వెతికేటప్పుడు అడ్రస్ బార్ పక్కన ఉండే సెర్చ్ ఇంజిన్ గుర్తు నొక్కితే మీరు చేర్చినవి వరుసగా కనపడ్తయి. కొత్త యాప్ వేసుకునే జాగా ఫోన్‌లో లేకుంటే డక్‌డక్‌గో సైటు తెరవండి. దాంట్ల ఆశ్చర్యార్థకం గుర్తు, దాని పక్కన డబ్ల్యూ కొట్టి, స్పేస్ ఇచ్చి మాట టైప్ చేస్తే సీదా ఇంగ్లిష్ వికీపీడియాకు పోతది. ఆశ్చర్యార్థకం పక్కన 'వైటీ' కొడితే యూట్యూబ్‌కు పోతది. అట్లాంటివి వేలల్లో ముందుగానే తయారు చేసి పెట్టిన్రు.

ఏ సైట్లకు పెట్టుకోవాలె? నా లెక్కల మనకు ఐదు చాలు.

తెలుగు వికీపీడియా మొదటిది. జీకే కోసం, మన జిల్లాల గురించి తెలుసుకోవడానికి. రెండోది తెలుగు విక్షనరీ, ఇంగ్లిష్ పదాలకు అర్థాల కోసం. మూడోది ఇండియన్ కానూన్, చట్టాలు, తీర్పుల కోసం.

నాలుగోది ఇంటర్నెట్ ఆర్కైవ్. పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టిన పెద్ద లైబ్రరీ అది. హైమెండార్ఫ్ దొర మన తెగల మీద రాసిన పుస్తకాల పేర్లు మీరు విన్నరు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో వచ్చినయి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. మన పేర్లు పాత పుస్తకాల్లో మనం రాసుకున్నట్టు ఉండవు. కొండరెడ్ల పుస్తకం పేరులో 'కొండ' అనే మాటే లేదు, 'రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' అని ఉంటది. అందుకే ఒక స్పెల్లింగ్‌తోని దొరకలేదని వదిలిపెట్టొద్దు, రెండు మూడు తీర్ల కొట్టి చూడాలె. షార్ట్‌కట్ ఉంటే నాలుగుసార్లు వెతకడానికి విసుగు రాదు.

ఐదోది నేను పైన చెప్పిన గవర్నమెంట్ సైట్ల షార్ట్‌కట్. గూగుల్‌లో నాలుగు జడ్‌లు కొట్టి, స్పేస్ ఇచ్చి, ఇంగ్లిష్‌లో 'సైట్' అని రాసి, కోలన్ గుర్తు పెట్టి, స్పేస్ లేకుండా 'జీఓవీ డాట్ ఐఎన్' కొట్టండి. వచ్చిన అడ్రస్ కాపీ చేసి, జడ్‌లు ఉన్న జాగాలో పర్సెంట్ ఎస్ పెట్టండి. గూగుల్ అడ్రస్ పొడుగ్గా ఉంటది. మీ పదం, 'జీఓవీ డాట్ ఐఎన్' ఉన్న ముక్క అయిపోయినాక వచ్చే & గుర్తు నుంచి చివరిదాకా తీసేయొచ్చు. ఇగ స్కాలర్‌షిప్ అని కొట్టినా, నోటిఫికేషన్ అని కొట్టినా సర్కారు సైట్ల పేజీలే వస్తయి.

దీనికి హద్దులు కూడా ఉన్నయి, దాచి చెప్పొద్దు. కొన్ని సైట్లలో ఎంత వెతికినా పైన అడ్రస్ మారదు. అప్లికేషన్ నంబర్ కొట్టి స్టేటస్ చూసుకునేవి చాలావరకు ఇట్లనే ఉంటయి. వాటికి ఈ షార్ట్‌కట్ పనిచేయదు, బుక్‌మార్క్ పెట్టుకోవాలె. సైటు వాళ్లు అడ్రస్ మారిస్తే షార్ట్‌కట్ మళ్లా చేసుకోవాలె. హాస్టల్ కంప్యూటర్ అందరిది కాబట్టి దాంట్ల మన జీమెయిల్ లాగిన్ వదిలేసి పోవద్దు, పాస్‌వర్డ్ సేవ్ చేయొద్దు. షార్ట్‌కట్‌లకు లాగిన్ అవసరమే లేదు. అదే యూజర్‌లో ఒక్కసారి పెడితే తర్వాత కూర్చునే ప్రతి ఒక్కరికీ పనిచేస్తది. ఊరి బోరింగ్ లెక్క. ఒకరు వేయిస్తే ఊరంతా నీళ్లు పట్టుకున్నట్టు.

కొందరు అన్నలు అంటరు, "ఇప్పుడు ఏఐ వచ్చింది, అడిగితే అదే చెప్తది, ఇంకా ఈ పాత పద్ధతులెందుకు" అని. ఏఐ వాడొద్దని నేను అంటలేను. అర్థం కాని ఇంగ్లిష్ పేరా దానికి ఇచ్చి తెలుగులో అడిగితే మంచిగనే సాయం చేస్తది. కానీ అది చెప్పింది సరైందో కాదో తెలియాలంటే అసలు కాగితం మన చేతిలో ఉండాలె. ఎమ్మార్వో ఆఫీసులోనో కాలేజీ ఆఫీసులోనో ఏఐ చెప్పిందంటే నడవదు, జీవో నంబర్, తేదీ కావాలె. అసలు కాగితం దగ్గరికి పోయే దారి మనకు తెలిసి ఉంటేనే ఏఐ అయినా పనికొస్తది.

ఇంకొందరు, "తీర్పులన్నీ ఇంగ్లిష్‌లో ఉంటయి, తెరిచినా ఏం అర్థమైతది" అంటరు. ఇది నిజమైన కష్టమే. షార్ట్‌కట్ తలుపు దాకా తీస్కపోతది, చదువుడు మనమే చదవాలె. ఒక్కరితోని కాకుంటే పంచుకుందాం. డిగ్రీ, పీజీ, లా చదివేటోళ్లు గ్రూపులో ఉన్నరు. ఒక్కో పేరా ఒక్కొక్కరు తీసుకొని తెలుగులో నాలుగు లైన్లు రాస్తే ఒక తీర్పు రెండు వారాల్లో అయిపోతది. దాని కింద అసలు తీర్పు పేరు, తేదీ కూడా ఉంటయి కాబట్టి ఎవరైనా సరిచూసుకోవచ్చు.

నాకు ఎక్కువ బాధ అనిపించేది ఏందంటే, ఇవి రహస్య విద్యలు కావు. చదువుకున్నోళ్ల ఇండ్లల్లో అన్న తమ్మునికి అన్నం తినుకుంటనే చెప్తడు. మనకు ఇంట్ల చెప్పేటోళ్లు లేరు, స్కూల్లో కంప్యూటర్ గదికి తాళం ఉంటది. అందుకే ఒక ప్రింట్ కోసం, ఒక ఫారం కోసం నెట్ సెంటర్‌లో నిలబడి, వాళ్లు ఎంత అంటే అంత ఇచ్చి వస్తున్నం. వాళ్లు చేసేది కూడా వెతుకుడే. ఆ పని మనకు వస్తే ఆ పైసలు మనకు మిగులుతయి. అంతకంటే ఎక్కువ, మన అమ్మానాయినలు పట్టా కాగితం పట్టుకొని ఎవరి దగ్గరికో పోయి చేతులు కట్టుకునే అవసరం కొంతైనా తగ్గుతది.

గ్రూపు అడ్మిన్ అన్నలకు, సీనియర్లకు రెండు విన్నపాలు.

మొదటిది, ఇకమీదట ఎవరైనా లింక్ అడిగితే లింకుతో పాటు ఒక లైను రాయండి: ఏ సైటులో, ఏ మాట కొట్టి వెతికితే దొరికిందో. అడిగినోళ్లకు ఈసారి పని అవుతది, వచ్చేసారి వాళ్లే వెతుక్కుంటరు. ఇంకొకరికి చెప్తరు కూడా.

రెండోది, వచ్చే ఆదివారం మీ మీ హాస్టళ్లలో ఒక గంట కేటాయించండి. కంప్యూటర్ ఉన్న చోట ఐదు షార్ట్‌కట్‌లు పెట్టి, పొట్టి పేర్లు ఒక కాగితం మీద పెద్దగా రాసి మానిటర్ పక్కన అతికించండి. కంప్యూటర్ లేని చోట ఒక ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసి చూపించండి. మీరు చేసి చూపించి ఊకోవద్దు. మౌస్ జూనియర్ చేతికే ఇయ్యండి, ముఖ్యంగా చెల్లెళ్ల చేతికి. వెనక నిలబడి చూసే అలవాటు వాళ్లకు మనమే చేసినం, మనమే మాన్పించాలె.

పెట్టుకున్నోళ్లు ఏ సైటుకు ఏ పొట్టి పేరు పెట్టారో గ్రూపులో రాయండి. అందరి హాస్టళ్లలో ఒకే పేర్లు ఉంటే, సెలవులకు ఊరికి పోయినా, వేరే హాస్టల్‌కు మారినా చేతికి అలవాటైన అక్షరాలే పనికొస్తయి. ఎవరికైనా ఎక్కడన్నా ఆగిపోతే అడగండి, తెలిసినంతవరకు నేను చెప్తా.

జై ఆదివాసీ.

– డిగ్రీ రెండో సంవత్సరం, గిరిజన సంక్షేమ హాస్టల్ విద్యార్థి